కుడివైపు మోకరించినవాళ్ళు

పోయినవారం బిషప్ మథియాస్ వెంట్రిస్‌ని కొండదారిలో, జోరువానలో, చక్రం దిగబడిన బండిలో కూర్చోబెట్టి వదిలేశాం. పాపం ఇంకా అక్కడే ఉన్నాడేమోనని బెంగపెట్టుకున్నవాళ్ళకి ముందుగా ఒక మంచిమాట. చక్రం బయటికొచ్చింది, వాన తెరిపిచ్చింది, ఆయన గ్రేస్‌బెక్ చేరాడు. మంచిమాటలు ఇంతటితో అయిపోయాయి.

ఆయన రహస్యం తెలిసినవాళ్ళు లోకంలో ఆయన కాక ఇద్దరే. ఈస్టరు ముందరి లెంటు ఉపవాసాల్లో ఒక ఉదయం, కాఫీ అందుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. పక్షవాతం మాటనీ, మొహాన్నీ, కాళ్ళనీ వదిలిపెట్టి ఆ ఒక్క చెయ్యినే పట్టుకుపోయింది. అక్క డోర్కాస్, ఆయన వెంట తిరిగే పాదిరి లమ్లీ, ఈ ఇద్దరూ ఆ సంగతి బయటికి పొక్కకుండా కాచుకొస్తున్నారు. దక్షిణాన వెల్‌హామ్ గద్దె మీదున్న ముసలి బిషప్ మంచం పట్టాడు. ఆ గద్దె ముందు మన మథియాస్ కూర్చున్న ఆల్డ్‌మియర్ గద్దె కోళ్ళగూడు లాంటిది. దానికి మంత్రిగారు మథియాస్ పేరు అనుకుంటున్నారని లండన్ కబురు. అనుకోవడమే, ఇంకా బయటికి అనలేదు. ఈలోగా చెయ్యి సంగతి అక్కడ తెలిసిందా, అంతే.

అనుమానం మాత్రం ఆయన కింది అధికారి, ఆర్చ్‌డీకన్ బ్రాక్‌లీకి వచ్చింది. "కొండ ఊళ్ళల్లో పదేళ్ళుగా హస్తనిక్షేపణ లేదు. ఈ వేసవికీ తమరు వెళ్ళలేకపోతే, ఒంట్లో బాగాలేదని నేనే లండన్‌కి విన్నవించుకుంటాను" అన్నాడు, ఎంతో వినయంగా. అందుకే ఈ ప్రయాణం. వెంట బ్రాక్‌లీ, అతని కూతురు కూడా.

బిషప్ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తేనే పిల్లలు సంఘంలో పెద్దవాళ్ళయినట్టు. వందలమంది వచ్చినప్పుడు ఒక్కొక్కరికీ రెండు చేతులూ పెట్టే తీరుబడి ఉండదు. బలిపీఠం ముందరి చెక్క కటకటాల దగ్గర ఇద్దరిద్దరు వచ్చి మోకరిస్తారు. ఒకరి తలమీద కుడిచెయ్యి, ఒకరి తలమీద ఎడమచెయ్యి. ప్రార్థన పుస్తకంలో ఈ రెంటికీ తేడా లేదు. గ్రేస్‌బెక్‌లో ఉంది. కుడిచెయ్యి పడిన పిల్లకి ఏడాది తిరక్కుండా పెళ్ళవుతుంది, అయిన పెళ్ళి నిలుస్తుంది. ఎడమచెయ్యి పడినదానికి కాదు, అయినా మిగలదు. ఇక ముసలివాళ్ళకైతే బిషప్ కుడిచెయ్యి కీళ్ళనొప్పులకి మందు. పాదిరులు ప్రతి తరంలోనూ దీన్ని తిడుతూనే ఉన్నారు, జనం ప్రతి తరంలోనూ కుడివైపుకి తోసుకుంటూనే ఉన్నారు.

ఆ ఉదయం గ్రేస్‌బెక్ గుడి పొంగిన పాలగిన్నెలా ఉంది. ఆడపిల్లలు తెల్లటి టోపీలు పెట్టుకుని, కొత్త రిబ్బన్లు కట్టుకుని వచ్చారు. రాత్రంతా తడిగుడ్డల్లో చుట్టి పడుకున్న జుట్టు ఇప్పుడు చెవుల పక్కన సుడులు తిరుగుతోంది. సీసపు గనుల్లో పనిచేసే మగపిల్లలు మెడలు ఎర్రబడేలా రుద్దుకుని వచ్చినా చెవుల వెనకాల బూడిదరంగు అలాగే ఉంది. వరసలో గుసగుసలు ఆగలేదు.

"జరగవే. నిన్నెవడు చేసుకుంటాడని కుడివైపు నీకు?"

"నిన్ను వద్దన్నవాడే చేసుకుంటాడు."

ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ రెండోసారి వచ్చి కుడివైపు మోకరిల్లింది. సంఘపెద్ద అడ్డం వచ్చాడు. "ఇందాక ఒకసారి అయింది కదమ్మా నీకు?"

"అది ఎడమ మోకాలికి బాబూ. ఇది కుడిదానికి."

మథియాస్ నవ్వలేదు. ఆయన ధ్యాసంతా తన భుజం మీదే ఉంది. బిషప్పులు వేసుకునే తెల్లటి పల్చని చొక్కా చేతులు ఎంత వెడల్పంటే అందులో గొర్రెపిల్లని దాచొచ్చు. ఆ చేతి మడతల వెనక లమ్లీ దూరి నిలబడి, బిషప్ మోచెయ్యి కింద తన అరచెయ్యి పెట్టి, ప్రతి జతకీ ఎత్తి దింపుతున్నాడు. ఎత్తడం, దింపడం. చూసేవాళ్ళకి పాదిరి ఎంతో భక్తిగా బిషప్ పక్కన ఒదిగి ఉన్నట్టు కనిపిస్తుంది. డోర్కాస్ ముందు రోజు ఇద్దరి చేతా సత్రం గదిలో సాధన చేయించింది, తను దిండుని పిల్ల తలగా పట్టుకుని.

రెండు గంటలు గడిచినా ఎవరికీ అనుమానం రాలేదు. చెయ్యి పడిన ఆడపిల్లలు మొహాలు చేటంత చేసుకుని లేచి వెళ్తున్నారు. మథియాస్ మనసులో వెల్‌హామ్ తోట, తోటలో గోడవార కాసే పీచ్ పళ్ళు, మెల్లగా మళ్ళీ మెదలడం మొదలైంది.

అప్పుడు ఆ పిల్ల వచ్చింది.

పేరు కీజియా గాంట్. గని ముందర రాయి కొట్టే హెస్టర్ కూతురు. నీలం రిబ్బను, ముక్కు మీద మచ్చలు. గనివాడు ఆమోస్‌తో పెళ్ళి కుదిరి, గుడిలో రెండు ఆదివారాలు ప్రకటన చదివారు. మూడోది చదవగానే పెళ్ళి. జత కుదరడంలో ఏదో తిరకాసు జరిగి ఆమె ఎడమవైపు మోకరించింది. తల వంచబోతూ పైకి చూసింది, తనమీదికి వస్తున్నది ఏ చెయ్యో గమనించింది. గభాలున లేచింది. పక్కదాన్ని దాటి కుడివైపుకి వెళ్ళాలని అడుగు వేసింది. అదే సందని వెనక వరసలోవాళ్ళు కూడా కుడివైపుకి కదిలారు. వాళ్ళ వెనకవాళ్ళు, వాళ్ళ వెనకవాళ్ళు. ముసలి కటకటాలు పెళపెళమన్నాయి.

కీజియా ముందుకి తూలి, ఎదురుగా ఏది కనిపిస్తే దాన్ని పట్టుకుంది. కనిపించింది బిషప్ కుడిచెయ్యి.

రెండు చేతులతోనూ పట్టుకుంది. ఆ పట్టు మథియాస్‌కి తెలియలేదు, కనిపించింది. తన వేళ్ళ చుట్టూ పిల్ల వేళ్ళు తెల్లబడేలా బిగుసుకోవడం, ఆమె కళ్ళు తన మొహం మీదికి రావడం, ఆ కళ్ళల్లో 'పడను, పట్టుకున్నాను కదా' అన్న ధీమా, అన్నీ కనిపించాయి. అవతల లమ్లీ బెదిరిపోయి మోచెయ్యి వదిలేసి వెనక్కి గెంతాడు. కుడిచెయ్యి తడిసిన చేతితొడుగులా ఆమె పట్టులోంచి జారిపోయింది. ఆమె కింద, కటకటాల కొయ్య ఆమె మీద, దాని మీద పదిమంది.

గుళ్ళో సగంమంది చూశారు. పిల్ల బిషప్ చెయ్యి పట్టుకుంది. బిషప్ పట్టుకోలేదు.

*

కీజియాని గుడి పక్కనున్న వస్త్రాల గదిలోకి మోసుకొచ్చి బల్లమీద పడుకోబెట్టారు. కింద బిషప్ పైకోటు పరిచారు. డోర్కాస్ తన శాలువా తీసి కప్పింది. ఊళ్ళో ఎముకలు కట్టే ఆయన వచ్చి, చెవి ఆనించి విని, "పక్కటెముకలు లోపలికి దిగాయి. కదపొద్దు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆమోస్ కొండ అవతల వైద్యుడి కోసం గుర్రం మీద పరిగెత్తాడు. లమ్లీ బండి చాటున తలదాచుకున్నాడు.

బయట గుడి ఆవరణలో మాత్రం పండగ ఆగలేదు. ఎవరో పడ్డారని తెలుసు, ఎవరో ఒకరు పడుతూనే ఉంటారు. పదేళ్ళకోసారి వచ్చే రోజు. బీరు పీపా తెరిచారు. అల్లం రొట్టెల వాసన కిటికీలోంచి లోపలికి వస్తోంది. గోడమీద కూర్చుని ఎవరో ఫిడేలు సవరిస్తున్నారు.

గదిలో మిగిలింది అయిదుగురు. బల్లమీద పిల్ల, తల దగ్గర తల్లి, కిటికీ దగ్గర డోర్కాస్, మధ్యలో మథియాస్. తలుపుకి వీపు ఆనించి ఆర్చ్‌డీకన్ బ్రాక్‌లీ.

హెస్టర్ గాంట్ పొడుగ్గా, ఎముకలు లెక్కపెట్టేలా ఉంది. రాయి కొట్టి కొట్టి వేళ్ళ కణుపులు ఉల్లిపాయల్లా ఉబ్బాయి. ఆమె ఏడవడం లేదు. కూతురి పెదవి మీదికి వస్తున్న నెత్తుటి నురగని ఏప్రన్ అంచుతో అద్దుతోంది, మళ్ళీ వస్తే మళ్ళీ అద్దుతోంది.

"మీరు బిషప్పుగారండి" అంది తలెత్తకుండా. "నేను రాళ్ళు కొట్టుకునేదాన్ని. మిమ్మల్ని అడగకూడదని తెలుసు. అయినా అడుగుతాను. మా పిల్ల మీ చెయ్యి పట్టుకుందండి."

"పట్టుకుంది."

"మీరెందుకు వదిలేశారండి?"

మథియాస్ నోరు తెరిచాడు. జవాబు నాలిక చివరే ఉంది. చిన్న జవాబు. దాని వెనకే తలుపుకి ఆనుకుని బ్రాక్‌లీ ఉన్నాడు.

"జనం తోశారమ్మా. జారిపోయింది."

"జారాలంటే ముందు పట్టుకోవాలి కదండీ. మీరు పట్టుకోలేదు. నేను అక్కడే ఉన్నాను, ఈ గుమ్మానికీ ఆ కిటికీకీ ఉన్నంత దూరంలో. కుక్కపిల్ల పడబోతున్నా చెయ్యి బిగుసుకుంటుందండి మనిషికి. మీ వేలు కూడా కదల్లేదు."

"దొరగారు కంగారుపడి ఉంటారు" అన్నాడు బ్రాక్‌లీ. గొంతు వెన్నలా ఉంది. "కానీ అందరూ చూశారు, అది మాత్రం నిజం. నేనూ చూశాను."

డోర్కాస్ చప్పున ఇటు తిరిగింది. "మీరు చూసినవాళ్ళు వచ్చి పట్టుకోవలసింది. మీ రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయిగా."

"నేను దూరంగా ఉన్నానమ్మా."

"మీరు ఎప్పుడూ సరిగ్గా అంతే దూరంలో ఉంటారు."

మథియాస్ ఇద్దరి మాటా వినడం లేదు. ఆయన లోపల ఒక త్రాసు ఊగుతోంది. పిల్ల చెయ్యి విదిలించుకున్న రాతిగుండెవాడని ఈ కొండల్లో పేరు వస్తుంది. వస్తే రానీ. ఆ పేరు లండన్ చేరేసరికి పలచబడుతుంది, విందుబల్ల మీద ఒక ముచ్చట అవుతుంది. దయలేని బిషప్పుకి లండన్‌లో చోటుంది. చెయ్యిలేని బిషప్పుకి లేదు. త్రాసు ఎటు మొగ్గిందో ఆయనకి తెలుసు. అది అంత తేలిగ్గా మొగ్గడమే ఆయనకి నచ్చలేదు.

"నాకు ఎడమచెయ్యి పడిందండి" అంది హెస్టర్ ఉన్నట్టుండి. "ఇదే గుళ్ళో. మీకు ముందటి ఆయనకి ముందాయన. ఎడమైతే ఏమైందిలే అన్నాను, పొగరు. పెళ్ళయింది. పెళ్ళిరొట్టె ఇంట్లో ఎండక ముందే గని కూలింది. మా ఆయన్ని బయటికి తియ్యలేదు, తియ్యడానికి ఏమీ మిగల్లేదన్నారు. అప్పటికి ఇది కడుపులో ఉంది. పుట్టినరోజే చెవిలో చెప్పానండి దీనికి, కుడివైపు, ఏమైనా సరే కుడివైపు అని. ఈ పొద్దున కూడా చెప్పాను. గుమ్మం దాటుతుంటే మళ్ళీ చెప్పాను." ఆమె అద్దడం ఆపింది. "అన్నిసార్లు చెప్పకపోతే లేచేది కాదేమో."

"అమ్మా" అంది కీజియా.

అందరూ బల్లవైపు తిరిగారు. పిల్ల కళ్ళు తెరిచింది. అవి గది కప్పు మీదా, కిటికీ మీదా తిరిగి బిషప్ విగ్గు మీద ఆగాయి. తోపులాటలో అది ఒక చెవి మీదికి ఒరిగిపోయి ఉంది, సరిచేసుకోవాలని ఆయనకి తోచనేలేదు. ఆ స్థితిలోనూ పిల్ల పెదవుల చివర చిన్న నవ్వు మెరిసింది.

"చెయ్యి పెట్టారా అమ్మా?"

"ఇంకా లేదు తల్లీ."

"ఆదివారం మూడో ప్రకటన కదా. అది పెట్టకుండా చదవరేమో."

"చదువుతారు. మాట్లాడకు."

మథియాస్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఇది మాత్రం చెయ్యగలడు. ప్రార్థన నోటికి వచ్చు, చెయ్యి ఉంది. ఎడమచెయ్యి చాచి ఆమె నుదుటి మీదికి తెచ్చాడు.

కీజియా మొహం పక్కకి తిప్పుకుంది. అంతమాత్రానికే ఆమెకి ఊపిరి అందలేదు.

"అది కాదండి" అంది. "దయచేసి."

"రెండు చేతులకీ తేడా లేదమ్మా. దేవుడి దగ్గర కుడీ ఎడమా లేదు." ఆయన చెప్పింది అక్షరాలా సత్యం. తను చెప్పిన అబద్ధాల్లో ఇంత నల్లటిది ఇంకోటి లేదని ఆయనకి అనిపించింది.

"ఉందండి" అంది పిల్ల, పెద్దవాళ్ళకి నచ్చచెప్పినట్టు.

తలుపు దగ్గర బ్రాక్‌లీ గొంతు సవరించుకున్నాడు. "కుడిచెయ్యే పెట్టండి దొరగారూ. మూఢనమ్మకం, ఒప్పుకుంటాను. ప్రసంగాల్లో నేనే ఎన్నోసార్లు దులిపేశాను. కానీ ఇలాంటి సమయంలో పిల్ల ముచ్చట తీర్చడానికి తమకి పోయేదేముంది?"

 మథియాస్ అతనివైపు చూశాడు. బ్రాక్‌లీ కళ్ళు బిషప్ మొహం మీద లేవు. తెల్లచొక్కా కుడిచేతి మడతల మీద ఉన్నాయి. పిల్ల పడ్డప్పటినుంచీ అవి అక్కడే ఉన్నాయని ఇప్పుడు అర్థమైంది.

"మా తమ్ముడు అలిసిపోయాడు" అంది డోర్కాస్, ఇద్దరి మధ్యకి వస్తూ. "పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాడు. నేను కూచుని ప్రార్థిస్తాను పిల్ల దగ్గర. మీరిద్దరూ బయటికి పదండి."

"అక్కా" అన్నాడు మథియాస్.

"నువ్వు నోరు మూసుకో మథియాస్. వెల్‌హామ్‌కి వెళ్ళాక మాట్లాడుదువుగాని."

ఆ కుడిచెయ్యి ఎక్కడెక్కడికి తిరిగి ఇక్కడికి వచ్చిందో ఆయన కళ్ళముందు కదిలింది. కొవ్వొత్తులు పోసే తండ్రి దగ్గర వేడి కొవ్వులో మునిగి బొబ్బలెక్కిన చెయ్యి. కేంబ్రిడ్జిలో ఫీజు కట్టలేని చదువుకి బదులు తోటి విద్యార్థుల ఎంగిలి పళ్ళేలు మోసిన చెయ్యి. తర్వాత ఎర్లు బిరుదున్న ఒక జమీందారుగారి కొడుక్కి లాటిన్ నేర్పుతూ, ఆ కుర్రవాడి బదులు పద్యాలు రాసిపెట్టి, ఆ రాసిపెట్టడం వల్లనే మొదటి గుడి సంపాదించిన చెయ్యి. ఎవరి గ్లాసు ఎప్పుడు నింపాలో, ఎవరి కోటు ఎప్పుడు అందించాలో దానికి తెలుసు. ఓట్లనాడు పెద్దల సభలో మంత్రిగారి కనుసన్న అందగానే లేచేది. నలభై ఏళ్ళు అది ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అందించి, ఆయన్ని ఒక్కొక్క మెట్టే పైకి లాక్కొచ్చింది. ఒక్కసారైనా పడిపోతున్న మనిషిని పట్టుకుందా? జ్ఞాపకం రాలేదు. ఆ చెయ్యి చచ్చిపోయాక, మొదటిసారి, ఒక పిల్ల దాన్ని పట్టుకుంది.

"జరుగు అక్కా."

డోర్కాస్ కదల్లేదు. ఆయన ఆమెని చుట్టి వెళ్ళి బల్లకి అవతలి పక్కన నిలబడ్డాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. తెల్లచొక్కా మడతల్లోంచి దాన్ని పైకి ఎత్తాడు. వేళ్ళు కిందికి వేలాడుతున్నాయి, గోళ్ళు నీలిరంగు తిరిగాయి. ఇంతకాలం దాచినదాన్ని వెలుగులో చూస్తే అది అంత పెద్దదిగా కూడా లేదు. దాన్ని తీసుకొచ్చి నెమ్మదిగా, గాజుపాత్ర దింపినట్టు, పిల్ల తలమీద దింపాడు. జారిపోకుండా పైన తన ఎడమచెయ్యి అదిమి పెట్టాడు. ప్రార్థన చెప్పాడు. ప్రభువా, ఈ నీ బిడ్డని కాపాడు, నీ రాజ్యానికి చేరేవరకూ ఎప్పటికీ నీదిగా ఉంచుకో. పొద్దుటినుంచీ వందలసార్లు చెప్పిన ముక్కలే. ఈసారి వాటిలో ప్రతి మాటా ఆయనకి వినిపించింది.

కీజియా కళ్ళు మూసుకుని ఉంది.

"బరువుగా ఉందండి" అంది హాయిగా.

"బరువుగానే ఉంటుందమ్మా."

"ఆమోస్‌కి చెప్పండి కుడిచెయ్యే అని." తర్వాత నిద్రపోయింది. ఊపిరి రంపం లాగినట్టు వస్తోంది, కానీ వస్తోంది.

మథియాస్ చెయ్యి తీశాడు. అది పక్కకి వాలి బల్ల అంచుకి కొట్టుకుంది. దెబ్బ అందరికీ వినిపించింది, ఆయనకి తప్ప ఎవరికైనా నొప్పి పుట్టేది.

హెస్టర్ బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. అడక్కుండానే ఆ చేతిని పట్టుకుని ఎత్తింది. వదిలింది. పడింది. మళ్ళీ ఎత్తింది.

"ఎప్పట్నుంచండి?"

"లెంటు నుంచి."

"ఏమీ తెలీదా?"

"నిప్పు పెట్టినా తెలీదు. నేను వదల్లేదమ్మా. నీ కూతురు నన్ను పట్టుకుంది, నేను తిరిగి పట్టుకోలేకపోయాను." ఇంతే. ఇందాకటినుంచి నాలిక చివర ఉన్న జవాబు ఇంతే. దాని ఖరీదు వెల్‌హామ్. వెనక బ్రాక్‌లీ విన్నాడు, చూశాడు, రేపటికల్లా గుర్రం లండన్ దారి పడుతుంది. పోనీ అనుకున్నాడు మథియాస్. విచిత్రంగా గుండె తేలికైంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరి దగ్గరా కోరనిది ఒకటి ఇప్పుడు ఈ రాళ్ళు కొట్టే మనిషి దగ్గర కోరుతున్నాడు. నమ్మితే చాలు. తను విదిలించుకోలేదని ఈమె ఒక్కతె నమ్మితే చాలు.

హెస్టర్ నమ్మింది. అది ఆమె మొహంలో స్పష్టంగా కనిపించింది. కోపం దిగిపోయింది. దిగిపోయిన చోటికి ఇంకేదో వచ్చి కూర్చోవడమూ కనిపించింది.

"అయితే పొద్దుటినుంచీ..." అంది. కిటికీవైపు చూసింది. బయట ఫిడేలు మొదలైంది. తెల్లటోపీల పిల్లలు చేతులు కలిపి గుండ్రంగా తిరుగుతున్నారు. "పొద్దుటినుంచీ కుడివైపు పిల్లల తలల మీద పడింది ఇదేనా?"

మథియాస్ అవునన్నట్టు తలూపాడు.

"ప్రాణం లేని చెయ్యి. శవం చెయ్యి. అదేనా అంతమందికీ? ఇప్పుడు మా కీజియాకీ?"

"ముఖ్యం చెయ్యి కాదమ్మా. ప్రార్థన. చెయ్యి ఎలాంటిదైనా ప్రార్థన అదే."

"మరైతే దాచడమెందుకండీ?"

నలభై ఏళ్ళు ప్రసంగాలు చేసిన మనిషి. 

సాయం కోసం కాదు, అలవాటుకొద్దీ బ్రాక్‌లీవైపు తిరిగాడు. గెలిచినవాడి మొహం అక్కడ ఉంటుందనుకున్నాడు. లేదు. ఆర్చ్‌డీకన్ మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. పెదవులు కదులుతున్నాయి.

"మా అమ్మాయి లిడియా" అన్నాడు బ్రాక్‌లీ. "పొద్దున మొట్టమొదటి జత. మీరు చూశారుగా, పసుపుపచ్చ గౌను. వచ్చే నెలలో దాని పెళ్ళి. కుడివైపు... నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కుడివైపు మోకరింపజేశాను."

"బ్రాక్‌లీ, నువ్వు చదువుకున్నవాడివి."

"చదువుకున్నాను" అన్నాడు బ్రాక్‌లీ, చేసిన తప్పు ఒప్పుకుంటున్నట్టు.

హెస్టర్ కూతురి నుదురు ఒకసారి తడిమింది. శాలువా గడ్డం దాకా లాగింది. "కాస్త దీన్ని చూస్తుండండమ్మా" అంది డోర్కాస్‌తో. "ఇప్పుడే వస్తాను." తలుపువైపు నడిచింది.

"ఎక్కడికి?" అంది డోర్కాస్. సమాధానం రాకముందే ఆమెకి అర్థమైపోయింది. "బ్రాక్‌లీగారూ, ఆ తలుపు దగ్గర్నుంచి కదలకండి. బయట ఎంతమంది ఉన్నారో తెలుసు కదా. తాగి ఉన్నారు. ఈ మాట విన్నారంటే మా తమ్ముణ్ణి ముక్కలు చేస్తారు. మీకు దణ్ణం పెడతాను, కదలకండి."

బ్రాక్‌లీ ఆమెవైపు చూశాడు. బల్ల అంచున వేలాడుతున్న చేతివైపు చూశాడు.

పక్కకి తప్పుకున్నాడు.

తలుపు తెరుచుకోగానే ఎండ, అల్లం రొట్టెల వాసన, పాట, అన్నీ ఒక్కసారి గదిలోకి వచ్చాయి. హెస్టర్ బయటి మెట్టుమీద నిలబడింది. ఎవరో గమనించి పక్కవాణ్ణి పొడిచారు. ఫిడేలు మధ్యలో ఆగింది.

"ఏమే హెస్టరూ, పిల్లకెలా ఉంది?" అని ఒక ఆడగొంతు అరిచింది.

"పిల్ల సంగతి తర్వాత చెబుతాను" అంది హెస్టర్. "పొద్దున కుడివైపు మోకరించినవాళ్ళెవరో, చేతులెత్తండి."

నవ్వులు రేగాయి. ఒకరినొకరు తోసుకుంటూ, గోడమీద మగపిల్లలూ, గోడకింద ముసలమ్మలూ, తెల్లటోపీల పిల్లలందరూ గొప్పగా, ఎంత ఎత్తు వీలైతే అంత ఎత్తుకి చేతులెత్తారు.